హన్మకొండలో బెల్లీ డ్యాన్స్ షో: దర్బుకా కోసం వెళ్లండి, సీటు మాత్రం చూసి తీసుకోండి

హన్మకొండలోని ఒక హోటల్ బాంక్వెట్ హాల్లో శనివారం సాయంత్రాలు జరుగుతున్న షో ఇది. మనిషికి 1,200 రూపాయలు, బఫే భోజనం అందులోనే. ఏడున్నరకు మొదలై పదింటికి ముగుస్తుంది. భోజనాల విరామం, అనౌన్స్‌మెంట్లు పోగా డ్యాన్సు గంటంబావు ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ముగ్గురు డ్యాన్సర్లు, వాళ్లతో దర్బుకా అనే అరబ్బు చేతి డోలు వాయించే ఆయన ఒకరు. మిగతా సంగీతమంతా రికార్డింగే. విరామం తర్వాతి భాగం ఇచ్చిన పైసలకు పూర్తిగా న్యాయం చేసింది. ముందు భాగంలో మాత్రం డ్యాన్సర్ల తప్పేమీ లేకుండానే సగం ఆట కనబడకుండా పోయింది. ఆ తప్పు హాలు అమరికది. దోస్తులంతా కలిసి పోదామనుకునేవాళ్లకు ఈ రెండింటి సంగతీ వివరంగా చెప్పాలి.

ఏం చూడాలో ముందే తెలిసి ఉంటే షో రెండింతలు రుచిస్తుంది. ఈజిప్టులో రక్స్ షర్కీ అని పిలిచే ఈ నాట్యానికి మూలం ఇళ్లల్లో, పెళ్లిళ్లలో ఉన్నచోటనే నిలబడి ఆడే ఆట. 1926లో బదియా మసాబ్నీ కైరోలో తన నైట్‌క్లబ్ తెరిచాక అది పెద్ద స్టేజీకి తగ్గట్టు మారింది. స్టేజీ అంతా కలియదిరగడం, చేతుల పనితనం, వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఆ రోజుల్లో స్థిరపడ్డవే. సామియా గమాల్, తహియా కారియోకా ఆమె దగ్గర ఆడి పైకొచ్చినవాళ్లే. సినిమా ఐటం పాటలు చూసిన అలవాటుతో వెళ్తే ఇందులో ఉన్న పని కంటికి ఆనదు. పేరిణి చూసి అలవాటైన ఓరుగల్లు కన్ను మొదట పాదాల మీదికి పోతుంది, ఎందుకంటే పేరిణిలో బలమంతా అడుగులో వినబడుతుంది. ఇక్కడ పాదం చప్పుడు చేయదు. పొడుగు స్కర్టు చాటున బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తుంటుంది. ఆ మార్పు బయటపడేది తుంటి దగ్గర. కాబట్టి చూపు అక్కడ పెట్టాలి.

షిమ్మీనే తీసుకోండి. రెండు మోకాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వంగి సాగుతుంటే తుంటి దానంతటదే వణుకుతుంది. నడుము పైభాగం నిశ్చలంగా ఉండాలి. భుజాలు కూడా ఊగుతున్నాయంటే మోకాళ్లు బిగుసుకున్నాయని, ఒళ్లంతా ఊపి నెట్టుకొస్తున్నారని అర్థం. నడుముకు కట్టిన బిళ్లల గలగల ఒకే జోరులో సాగితే షిమ్మీ బాగున్నట్టు. మధ్యలో తెగి తెగి వినిపిస్తే కాళ్లు అలిసినట్టు. ఈ బృందంలో పెద్దామె షిమ్మీ నడుస్తూ కూడా చెదరలేదు. అది చాలా కష్టమైన పని. మిగతా ఇద్దరిలో ఒకరికి నిమిషం దాటగానే భుజాలు కదలడం మొదలైంది.

మొదటి ఐటం మల్‌ఫూఫ్ దరువు మీద వీల్‌తో ప్రవేశం. దుం – – తెక్ – – తెక్ – (దుం అంటే లోతైన దెబ్బ, తెక్ అంటే పదునైన దెబ్బ, గీత అంటే ఖాళీ), ఇట్లా ఉరికే దరువు అది, డ్యాన్సర్ స్టేజీ మీదికి రావడానికి వాడుతారు. వీల్ అంటే రెండున్నర, మూడు మీటర్ల పలుచని గుడ్డ. వీళ్లు వాడింది పట్టుది, మంచి ఎంపిక. పట్టు గాలిలో తేలి మెల్లగా దిగుతుంది, పాలిస్టర్ షిఫాన్ తొందరగా పడిపోతుంది. కానీ అంత తేలిక గుడ్డకు ఏసీ గాలి నేరుగా తగిలితే అది మొహానికి చుట్టుకుంటుంది. ఇక్కడ అదే జరిగింది. డ్యాన్సర్ గాబరా పడకుండా ఒక తిరుగుడులో విడిపించుకున్నారు. ఆ ఐదు నిమిషాలు స్టేజీ వైపు ఏసీ ఆపితే ఈ బాధ ఉండదు.

అంతకన్నా పెద్ద లోపం లైటింగ్. వెనక ఎల్ఈడీ తెర మీద పిరమిడ్లు, ఒంటెలు తిరుగుతూ ఉన్నాయి. తెర వెలుగు ఎక్కువై, ముందు లైట్లు తక్కువైతే మనిషి నల్లటి నీడలా కనిపిస్తుంది. తుంటి గీసే ఎనిమిది అంకెలు, ఛాతీ నుంచి పొట్ట దాకా దిగే అల, ఏవీ ఆ నీడలో తెలియవు. ఇట్లాంటి నాట్యానికి లైటు పక్కల నుంచి, నడుము ఎత్తులో పడాలి. అప్పుడే ఒంటి మీద వెలుగునీడలు ఏర్పడి చిన్న కదలిక కూడా దూరానికి కనబడుతుంది. పెళ్లి రిసెప్షన్‌కు పెట్టినట్టు ఎదురుగా రెండు పెద్ద లైట్లు పెట్టేస్తే ఒళ్లంతా చదునైపోతుంది. దానికి తోడు పొగ మెషీన్. ఆ పొగ ద్రవం నేల మీద పలుచగా పేరుకుంటే ఒట్టి కాళ్లతో తిరిగేవాళ్లకు జారుతుంది. ఇది అందం సంగతి కాదు, కాలు విరిగే సంగతి. నిర్వాహకులు దీన్ని వెంటనే ఆపాలి.

రెండో ఐటంలో సౌండ్ దెబ్బ కొట్టింది. మొదట దరువు లేకుండా నెమ్మదిగా సాగే తక్సీం, నాయ్ వేణువు మీద. అందులో పెద్దామె చేతులు, నెమ్మదైన అలలు చాలా బాగున్నాయి. తర్వాత బలదీ దరువు అందుకుంది: దుం దుం – తెక్ దుం – తెక్ –. అక్కడి నుంచి తుంటి విసుర్లు దెబ్బకు ఒక వెంట్రుకవాసి వెనక పడుతూ వచ్చాయి. చాలామంది డ్యాన్సర్‌కు తాళం రాదనుకుని ఉంటారు. కారణం అది కాదు. స్పీకర్లన్నీ హాలు వైపు తిప్పి పెట్టారు, డ్యాన్సర్‌కు వినబడేలా స్టేజీ వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్ లేదు. గోడకు తగిలి వెనక్కొచ్చే శబ్దాన్ని పట్టుకుని ఆమె ఆడాల్సి వచ్చింది. శబ్దం 10 మీటర్లు పోవడానికే సెకనులో సుమారు 30వ వంతు పడుతుంది, పోయి రావడానికి దానికి రెండింతలు. మామూలు పాటకు అది లెక్కలోకి రాదు. ప్రతి తెక్‌కు తుంటి ఠక్కున ఆగాల్సిన నాట్యానికి అదే ప్రాణం తీస్తుంది.

విరామం తర్వాత దర్బుకా ఆయన స్టేజీ మీదే, డ్యాన్సర్‌కు మూడడుగుల దూరంలో కూర్చున్నారు. ఎల్ఈడీ తెర ఆర్పేశారు. ఆ రెండు మార్పులతో మొత్తం షో మారిపోయింది.

ముందు సయీదీ, చేతికర్రతో. ఎగువ ఈజిప్టు మగవాళ్ల కర్రసాము నుంచి ఆడవాళ్లు ఆటపట్టిస్తున్నట్టుగా తీసుకున్న ఆట ఇది. 1959లో మహ్మూద్ రెదా మొదలుపెట్టిన బృందం ఈజిప్టు పల్లె నాట్యాలను స్టేజీకి తెచ్చి పేరు సంపాదించింది. దుం తెక్ – దుం దుం – తెక్ –, మధ్యలో వరసగా పడే రెండు దుంలే ఈ దరువుకు గుర్తు. చప్పట్లు కొట్టాలనుకుంటే ఆ రెండింటి మీద కొట్టండి, మీ బల్లకే ఊపొస్తుంది. ఆ వెంటనే ముగ్గురూ కలిసి ఆడిన ట్రైబల్ స్టైల్ ఐటం. 1987లో శాన్ ఫ్రాన్సిస్కోలో కరొలీనా నెరిచియో పెట్టిన బృందం నుంచి వ్యాపించిన పద్ధతి. ముందుగా కట్టుకున్న వరస ఉండదు. ముందు మూలనున్నామె చేతి కదలికతోనో తల తిప్పడంతోనో సైగ ఇస్తే వెనకవాళ్లు అందుకుంటారు, కొంతసేపటికి నాయకత్వం ఇంకొకరికి మారుతుంది. ఆ సైగలు పట్టుకునే ఆట ఆడుతూ చూడండి, దోస్తులతో పోయినప్పుడు మస్తు మజా వస్తుంది. వేళ్లకు కట్టుకున్న సాగాత్ తాళాలు, బొటనవేలికి ఒకటి నడిమి వేలికి ఒకటి, ముగ్గురివీ ఒక్కటిగా మోగడం ఈ ఐటంలో గొప్ప.

చివర డ్రమ్ సోలో. ఈ షోకు టికెట్టు కొనాల్సింది దీనికోసమే. నాలుగైదు నిమిషాలు, దర్బుకా ఒక్కటే, డ్యాన్సర్ ఒక్కరే. చర్మం నడుమ పడే లోతైన దెబ్బ దుం, అంచున పడే పదునైన దెబ్బ తెక్. దుంకు తుంటి కిందికి పడుతుంది, తెక్‌కు పైకో పక్కకో విసురుగా లేస్తుంది, వేళ్లతో ధారగా వాయిస్తే షిమ్మీ. ఇవి మొదటి నిమిషంలోనే పట్టుబడతాయి. అక్కడి నుంచి అసలు రసం మొదలు: ఆయన నాలుగు దెబ్బలు వేసి ఆపితే ఆమె అవే నాలుగు తుంటితో తిరిగి చెప్పారు, తర్వాత ఆమె ముందు కదిలితే ఆయన వాయించారు. ఒకచోట ఇద్దరూ ఒక్కసారిగా ఆగిపోయి, మళ్లీ ఒకే దెబ్బ మీద అందుకున్నారు. కదలిక దెబ్బ వెనక కాక దెబ్బతోనే పడుతున్నదంటే ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటున్నట్టే. దప్పు దరువుతో పెరిగిన జనం కదా, ఎప్పుడు ఈల వేయాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆయన వాయించింది అల్యూమినియం ఒళ్లు, ప్లాస్టిక్ చర్మం ఉన్న దర్బుకా. మట్టి కుండకు మేకతోలో చేపతోలో బిగించిన రకం ఇంకా నిండుగా మోగుతుంది, కానీ గాలిలో తేమ పెరిగితే దప్పు లెక్కనే దాన్నీ కాచుకోవాలి. ఏసీ హాల్లో అదొక తలనొప్పి కాబట్టి ఈ ఎంపిక సరైనదే. మైకు మాత్రం పైన ఒక్కటే పెట్టారు. దుం శబ్దం బయటికొచ్చేది కింది నోటి నుంచి. అక్కడ ఇంకొకటి పెట్టి ఉంటే వెనక బల్లలకు కూడా కడుపులో తగిలేది.

ఇక సీట్లు. స్టేజీ రెండడుగుల ఎత్తే. బల్లలు గుండ్రంగా, ఒక్కోదానికి ఎనిమిది కుర్చీలు. మూడో వరస నుంచి ముందువాళ్ల తలలు అడ్డొచ్చి నడుము కింద ఏమీ కనబడదు, అంటే చూడాల్సిందే కనబడదు. మరీ ముందు కూర్చుంటే మెడ ఎత్తి చూడాలి, పక్క స్పీకరు చెవులు పగలగొడుతుంది. రెండో వరసలో, దర్బుకా ఆయన కూర్చునే కుడి వైపు బల్ల అన్నిటికన్నా మేలు. ఎనిమిది మందీ ఒకే బల్ల తీసుకుంటే సగం మంది వీపు స్టేజీకి ఉంటుంది. ఐదారుగురికి ఒక బల్ల అడిగి, కుర్చీలు అర్ధచంద్రంలా వేయించుకోండి. అడిగితే వేస్తున్నారు.

మర్యాద విషయంలో నిర్వాహకులకు పూర్తి మార్కులు. నోట్లు విసరొద్దు, స్టేజీ ఎక్కొద్దు, వీడియో చివరి గ్రూప్ ఐటంకు మాత్రమే అని ముందే చెప్పారు, చెప్పింది పాటించేలా చూశారు. స్టేజీ రెండు వైపులా మహిళా సిబ్బంది ఉన్నారు. ఆడపిల్లలు గ్రూపులుగా వచ్చి నిశ్చింతగా కూర్చున్నారు, కుటుంబాలూ వచ్చాయి. మీ గ్యాంగులో బరాత్ ఊపుతో స్టేజీ వైపు ఉరికే దోస్తు ఉంటే ముందే చెప్పి తీసుకుపొండి. డ్యాన్సర్లకు ఏమైనా ఇవ్వాలనుకుంటే కవర్లో పెట్టి షో అయ్యాక మేనేజర్ చేతికివ్వడం పద్ధతి.

భోజనం ఫరవాలేదు. బిర్యానీ వేడిగా ఉంది, హమ్మస్ పేరుతో పెట్టింది పలుచటి శనగ పచ్చడి. తక్సీం నడుస్తుండగానే ప్లేట్ల చప్పుడు మొదలుపెట్టకుండా ఉంటే బాగుండేది.

షో వదిలేసరికి పది దాటుతుంది, అప్పటికి కరీంనగర్, ములుగు వైపు బస్సులు పలచబడతాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు బండి మాట్లాడుకోవడమే మంచిది. బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: ఆ వారం దర్బుకా ఆయన వస్తున్నారా, స్టేజీ మీద మానిటర్ పెట్టారా. మానిటర్ లేకున్నా వెళ్లొచ్చు. దర్బుకా లేదంటే మాత్రం ఆ శనివారం వదిలేసి మరో వారానికి తీసుకోండి.