అంగిలి దగ్గర ఆగిపోయిన జెల్

మా బాబుకి తొమ్మిదేళ్లు. పై వరసలో కుడివైపు పాల దవడ పన్ను బాగా పుచ్చిపోయింది, తీయించక తప్పలేదు. పోయినేడాది ఎడమవైపు పన్ను వేరే చోట తీయించాం. అక్కడ నోట్లో మత్తు స్ప్రే కొట్టి, పది సెకన్లు కూడా ఆగకుండా సూది గుచ్చేశారు. స్ప్రే కాస్తా గొంతులోకి జారింది. వాడికి డోకు వచ్చింది, మింగుడు పడక బెంబేలెత్తిపోయాడు. చిగురుకి మాత్రం తిమ్మిరి ఎక్కలేదు. ఆ తర్వాత పళ్ల డాక్టరు మాట ఎత్తితేనే ఏడుపు. అందుకని ఈసారి విశాఖలోనే పిల్లల పళ్లు చూసే డాక్టరమ్మ ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లాం. ఈ రివ్యూ సూదికి ముందు ఆవిడ రాసిన మత్తు జెల్ గురించి. ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు సరిగ్గా దీని మీదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

జెల్ స్ట్రాబెర్రీ రుచిది, 20 శాతం బెంజోకెయిన్. ట్యూబు అడిగి తీసుకుని చదివాను. (రెండేళ్ల లోపు పిల్లలకి ఇది వాడకండి. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగానే హెచ్చరించింది.) డాక్టరమ్మ ముందు పల్చటి నూలు గుడ్డతో చిగురు తడి పూర్తిగా తుడిచారు. దూది పుల్ల మీద బఠానీ గింజంత జెల్ తీసుకుని బుగ్గ వైపు చిగురుకి అదిమి పట్టుకున్నారు. "చిన్నా, ఆ గడియారంలో పెద్ద ముల్లు మూడు గీతలు దాటేదాకా నోరు మూయకూడదు, సరేనా?" అన్నారు. వాడు నా చూపుడు వేలు పట్టుకుని ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. సూది దిగినప్పుడు కనురెప్ప కూడా కొట్టలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

అంగిలి వైపు వచ్చేసరికి కథ మారింది. అక్కడా తుడిచారు, అంతే జెల్ రాశారు, అంతసేపూ ఆగారు. అయినా సూది తగలగానే వాడి కాళ్లు రెండూ కుర్చీ మీంచి లేచాయి, "అమ్మా" అని అరిచాడు. ఇందులో డాక్టరమ్మ తప్పేమీ లేదు. అంగిలి పొర ఎముకకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. మందు పోయడానికి లోపల జాగా ఉండదు, అందుకే ఆ ఒత్తిడికే ప్రాణం పోయినంత నొప్పి వేస్తుంది. పైగా నమలడానికి తట్టుకునేలా ఆ పొర పైభాగం గట్టిపడి ఉంటుంది. మందు బుగ్గలోంచి దిగినంత సులువుగా అందులోంచి దిగదు. ఇంకాసేపు ఉంచుదామంటే జెల్ నిలవదు. ఉమ్మి ఊరుతుంది, నాలుక ఊరుకోదు, రాసిందాంట్లో సగం నాలుక మీదికే పోతుంది. బయటికొచ్చాక వాడు చెప్పిన మొదటి మాట "నాలుకంతా తిమ్మిరిగా ఉందమ్మా" అని.

నేను ప్రాజెక్టులో తయారుచేసింది ఇందుకోసమే. తడి పొరకి అతుక్కుని, కదలకుండా ఉండే పల్చటి ఫిల్మ్. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ని ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో కరిగించి, లిడోకెయిన్ అనే మత్తు మందు కలిపి, బుడగలు పోవడానికి రాత్రంతా వదిలేసి, గాజు పళ్లెంలో పోసి ఆరబెట్టేదాన్ని. ల్యాబంతా వెనిగర్ వాసన. గ్లిజరిన్ తగ్గితే అప్పడంలా విరిగిపోయేది, ఎక్కువైతే వేళ్లకి అంటుకుని ఊడేది కాదు. ఒకే చోట మడిచి విప్పి, మడిచి విప్పి, ఎన్నోసారికి తెగుతుందో లెక్కపెట్టేదాన్ని. మూడు వందలు దాటిన రోజు హాస్టల్లో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. మందు ఎంత దిగుతుందో చూడటానికి పొద్దున్నే మాంసం కొట్టుకి వెళ్లి మేక బుగ్గ లోపలి పొర తెచ్చుకునేదాన్ని.

అతుక్కోవడం వరకు కైటోసాన్‌కి తిరుగులేదు. దానిది ధన విద్యుదావేశం, నోటి పొర మీది జిగట పదార్థం మ్యూసిన్‌ది రుణావేశం, అందుకే రెండూ పట్టుకుంటాయి. చిక్కంతా మందు దగ్గర వచ్చింది. కైటోసాన్ కరగాలంటే ఆమ్లం కావాలి. ఆ ఆమ్లంలో లిడోకెయిన్ విద్యుదావేశం తెచ్చుకుని లవణంగా మారిపోతుంది, అలా మారింది పొర దాటదు. లిడోకెయిన్ పీకేఏ, అంటే అందులో సగం ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్, 7.9. ఉమ్మి పీహెచ్ 6.8 అనుకుంటే, పొర దాటగల రూపంలో ఉండేది నూటికి ఏడెనిమిది వంతులే. ఫిల్మ్ లోపల ఇంకా తక్కువ. అంటే అతికించే గుణమే మందుకి అడ్డం పడుతోంది. నా ఆరు నెలలూ దీని చుట్టూనే తిరిగాయి. వెనక వైపు నీళ్లలో కరగని ఇథైల్ సెల్యులోజ్ పూత వేశాక మందు నాలుక మీదికి రాకుండా ఒక్క వైపుకే పోవడం మాత్రం బాగా కుదిరింది.

ఇలాంటిది ఒకప్పుడు మార్కెట్లో ఉండేది. డెంటీప్యాచ్ పేరుతో 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండు చదరపు సెంటీమీటర్ల పట్టీలో 46.1 మిల్లీగ్రాముల లిడోకెయిన్, లవణంగా కాకుండా, ఆవేశం లేని బేస్ రూపంలోనే. తుడిచిన చిగురు మీద పదిహేను నిమిషాల దాకా ఉంచుకోవచ్చు. ఇప్పుడది దొరకదు. అందులో అతికించే పదార్థం ఏంటో తెలుసా? కరాయ గమ్, మన తపసి బంక! మన్యంలో గిరిజనులు చెట్టుకి గాటు పెట్టి తీసేది, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనేది అదే. నీళ్లు తగిలితే కరిగిపోకుండా ఉబ్బి పట్టుకుంటుంది. కట్టుడు పళ్లు అతికించుకునే పొడుల్లో కూడా దాన్ని వాడేవారు. ఫిల్మ్ వేసినా పన్ను తీయడానికి సూది మందు కావాల్సిందే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ సూది అంగిలి మీద దిగే క్షణం పిల్లాడికి తెలియకపోతే చాలు కదా. బంక మన కొండల్లోనే ఉంది, రొయ్య పెంకులు మన తీరంలోనే గుట్టలు పడుతున్నాయి. పిల్లల అంగిలికి సరిపడే పట్టీ ఎవరైనా ఇక్కడ తయారుచేస్తే మొదట కొనేది నేనే.

డాక్టరమ్మకి అయిదుకి అయిదు. జెల్‌కి బుగ్గ వైపు నాలుగు, అంగిలి వైపు ఒకటి. స్ట్రాబెర్రీ రుచికి విడిగా మార్కులేం లేవు, అది ఉమ్మి ఇంకా ఎక్కువ ఊరేలా చేస్తుంది. మీరు వెళ్తే ముందే అడగండి: తుడిచి రాస్తారా, రాశాక ఎంతసేపు ఆగుతారు అని. వచ్చే నెల ఇంకో పన్ను ఉంది. మళ్లీ అక్కడికే వెళ్తున్నాం, ఈసారి గడియారం ఎదురుగా ఉన్న కుర్చీయే కావాలని వాడు ఇప్పుడే చెప్పి పెట్టాడు.