రేకుల షెడ్ల తరఫున అభ్యంతర పత్రం: బెంగళూరులోని ఒక ప్రణాళికా సలహా కార్యాలయం సేవపై సమీక్ష

వర్తూరు దగ్గర మా వీధి చివరి స్థలంలో, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కట్టడం పనులకు వచ్చిన 40 కుటుంబాలు రేకుల షెడ్లలో కాపురముంటున్నాయి. రేకులు, కర్రలు వారు కొనుక్కున్నవే. నేలకు మాత్రం యజమానికి నెలనెలా బాడుగ కడతారు. ఆ స్థలాన్ని నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మార్చాలన్న దరఖాస్తుపై దినపత్రికలో ప్రకటన వెలువడినప్పుడు, అభ్యంతరం రాయించడానికి వారి మేస్త్రీతో కలిసి ఈ కార్యాలయానికి వెళ్లాను.

మేము తీసుకెళ్లిన అర్జీ నిండా పేదరికం గురించే ఉంది. సలహాదారు దాన్ని ఓపికగా చదివి, 1961 నాటి కర్ణాటక పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంలోని 14ఎ సెక్షన్ ప్రకారం ఇటువంటి మార్పు ప్రజా ప్రయోజనం కోసమే జరగాలని, అభ్యంతరాలకు 15 రోజులకు తగ్గని గడువు ఇవ్వాలని, అందువల్ల ఇరుకు వీధి మీద, నీటి మీద, మురుగు కాలువ మీద పడే భారాన్ని ముందు రాయాలని వివరించారు. ‘డీసీ కన్వర్షన్ ఎప్పుడో అయిపోయింది కదా సార్’ అని మేస్త్రీ దిగులుపడితే, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చుకోవడానికి 1964 నాటి భూ రెవెన్యూ చట్టం కింద డీసీ, అంటే జిల్లా డిప్యూటీ కమిషనర్, ఇచ్చే ఆ అనుమతి వేరని, నగరంలో ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే, 2007లో ఆమోదం పొందిన మాస్టర్ ప్లాన్‌లో పసుపు రంగుతో చూపిన నివాస వినియోగాన్ని మార్చడం వేరని పటం పరిచి చూపించారు.

ఆదివారం సాయంత్రం ఆయన స్వయంగా షెడ్ల దగ్గరికి రావడం ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. మార్పును అడ్డుకోవలసిందేనని కొందరు పట్టుబట్టారు. యజమానితో తగువు పెట్టుకుంటే రేపే ఖాళీ చేయమంటాడని, గడువు, సామాను తరలించే ఖర్చు అడిగితే చాలని మరికొందరు అన్నారు. ‘పిల్లోళ్ల బడి అయ్యేదాకన్నా ఉండనీమని రాయి సారూ’ అని ఒక పెద్దావిడ అడిగింది. ఆయన ఎవరి మాటనూ తోసిపుచ్చక, అభ్యంతరం ఒక పత్రంగా, గడువు కోరే విన్నపం యజమానికి వేరే పత్రంగా రాస్తామన్నారు. దరఖాస్తు పెట్టుకోవడం యజమాని హక్కేనని, అది తిరస్కరణకు గురైనా ఈ నేలపై వీరికి హక్కు రాదని కూడా దాచకుండా చెప్పారు. ఆ మాట విని అందరూ మౌనంగా ఉండిపోయారు. అయినా ఆశ పెట్టి డబ్బు తీసుకునేవారి మధ్య ఈ నిజాయితీని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను.

లోపం లేకపోలేదు. మొదటి పత్రాన్ని ఇంగ్లీషులో తయారుచేసి, చదివి వినిపించకుండానే సంతకాలకు పంపారు. కన్నడంలో రాయించి, తెలుగులో వినిపించాలని మేము పట్టుబట్టిన తర్వాత మార్చారు గానీ, గడువులో రెండు రోజులు పోయాయి; పని నుంచి అలసి వచ్చినవారి చేత రాత్రిపూట మళ్లీ వేలిముద్రలు వేయించవలసి వచ్చింది. వేలిముద్ర వేసే మనిషికి పత్రంలో ఏముందో ముందే తెలియాలి. ఈ పద్ధతిని వారు తప్పక మార్చుకోవాలి.

ముందుగా అనుకున్న 6,000 రూపాయలకు మించి అడగలేదు, అభ్యంతరం అందినట్టు స్వీకృతి ముద్ర వేసిన ప్రతిని మరుసటి రోజే అందజేశారు. వెళ్లేవారు ప్రకటన వచ్చిన పత్రిక పుటను, స్థలం సర్వే నంబరును, బాడుగ చీటీలను వెంట తీసుకెళ్లాలి. మొదటి రోజే కన్నడ పత్రం కావాలని చెప్పాలి.