108 ముక్కల పెట్టె వద్దు, పది మంచి సాకెట్లు కొనండి

మూడేళ్ల కింద ఆన్‌లైన్‌లో రెండు వేలలోపు ధరకు 108 ముక్కల టూల్ కిట్ కొన్నాను. మూత తీస్తే లోపల అన్నీ తళతళలాడుతూ వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో ముక్కకు ఇరవై రూపాయలు కూడా పడలేదని సంబరపడ్డాను. బ్రాండు పేరు రాయను, ఎందుకంటే అచ్చం అదే పెట్టె, అవే ముక్కలు వేరే వేరే పేర్లతో అమ్ముతున్నారు, ఒక పేరు చెప్తే మిగతావన్నీ మంచివేమో అనుకుంటారు.

దానితో మొదటి గట్టి పని కారు ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చడం. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ బోల్టు తల 14 మిల్లీమీటర్లది, తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. సాకెట్ (బోల్టు తల మీద గిన్నెలా తొడిగి, పిడి తగిలించి తిప్పే ముక్క) పెట్టి బలంగా లాగితే టప్పున జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. మూడోసారికి బోల్టు తల మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది, సాకెట్ నోటి దగ్గర సన్నటి చీలిక కూడా వచ్చింది. అప్పటికి ఆదివారం సాయంత్రం, చక్రం విప్పి పక్కన పెట్టి ఉంది, తెల్లారితే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే మెకానిక్ బాబాయ్ ఒకాయన మా వీధిలోనే ఉంటారు. వెళ్ళి పిలిస్తే సంచి పట్టుకుని వచ్చారు. బోల్టు చూశారు, నా సాకెట్ తీసుకుని దాని నోట్లోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూశారు. "బోల్టుది తప్పు కాదు బాబూ, ఇందులో పట్టు ఎక్కడుంది?" అన్నారు. తన సంచిలోంచి ఒక సైజు తక్కువది, 13 సైజు, ఆరు పలకల సాకెట్ తీసి, ఆ అరిగిన తల మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దిగ్గొట్టారు. పొడుగు రాడ్డు తగిలించి మెల్లగా లాగితే కిర్రుమని కదిలింది. ఆయన చేతిలోని ఆ సాకెట్ మెరుపంతా ఎప్పుడో పోయింది, లోపలి పలకలు మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి.

ఆ రాత్రి ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి ఈ పలకల గురించే. సాకెట్లలో ఆరు పలకలవి, పన్నెండు మూలలవి రెండు రకాలు. షాపుల్లో హెక్స్, బై-హెక్స్ అంటారు. పన్నెండు మూలలది నట్టు మూలల దగ్గరే పట్టుకుంటుంది, అందుకే నట్టు కొంచెం అరిగినా, సాకెట్ కొంచెం వదులైనా జారిపోతుంది. ఆరు పలకలది నట్టు పక్కలను వెడల్పుగా పట్టుకుంటుంది. పన్నెండు మూలలదానికి ఉన్న సౌకర్యం ఒకటే, 30 డిగ్రీలు తిప్పితే మళ్ళీ కూర్చుంటుంది, ఆరుదానికి 60 డిగ్రీలు కావాలి. కానీ సాకెట్ వెనక రాచెట్ (సాకెట్ తియ్యకుండానే ముందుకూ వెనక్కూ ఊపి తిప్పగలిగే పళ్ళ పిడి) ఉన్నప్పుడు ఆ సౌకర్యంతో పనేముంది? సాకెట్లలో ఆరు పలకలవే తీసుకోండి, రింగ్ పానాల్లో పన్నెండు మూలలవి ఉన్నా ఫర్వాలేదు, అక్కడ అది నిజంగానే అవసరం.

రెండోది, 108 ముక్కల్లో మనకు పనికొచ్చేవి ఎన్ని? నా పెట్టె ముందేసుకుని లెక్కపెట్టాను. స్క్రూడ్రైవర్ బిట్లే సగానికి దగ్గర. సాకెట్లలో కొన్ని అంగుళాల సైజులు. ఇప్పటి మన బైకులు, కార్లు దాదాపు అన్నీ మిల్లీమీటర్లే. అంగుళాల సాకెట్ అవసరం లేకపోవడమే కాదు, ప్రమాదం కూడా. 9/16 అంటే 14.29 మిల్లీమీటర్లు, 14 బోల్టు మీద సరిపోయినట్టే కూర్చుంటుంది, గట్టిగా లాగితే మూలలు తినేస్తుంది. 11/16 అంటే 17.46, అది 17 మీద మరీ వదులు. 3/4 ఒక్కటి 19కి చాలా దగ్గర, 19.05. పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ ఇంట్లో ఉన్నవాళ్ళకు మాత్రం అంగుళాల పానాలు నిజంగా కావాలి, మా నాన్న షెడ్డులో అవి విడిగా మేకుకు వేలాడుతుంటాయి, మిల్లీమీటర్లవాటితో ఆయన కలవనివ్వరు.

మరి ఏ సైజులు కొనాలి? ఇది బండిని బట్టి మారుతుంది, ఎందుకు మారుతుందో తెలిస్తే జన్మలో మర్చిపోరు. ఒకే బోల్టుకు జపాన్ వాళ్ళు తల చిన్నగా పెడతారు. 8 మిల్లీమీటర్ల మర ఉన్న బోల్టుకు జపాన్ లెక్కలో తల 12, జర్మన్ లెక్కలో 13. 10 మిల్లీమీటర్ల మరకు జపాన్‌ది 14, జర్మన్ పాత లెక్కలో 17, ఇప్పటి అంతర్జాతీయ లెక్కలో 16. 12 మిల్లీమీటర్ల మరకు వరసగా 17, 19, 18. అందుకే హోండా, సుజుకి వారసత్వం ఉన్న బండ్లలో 8, 10, 12, 14, 17 తోనే ఎక్కువ పని జరిగిపోతుంది, మారుతి చక్రాల నట్లకు 19 కావాలి, హ్యుందాయ్‌కి 21. ఫోక్స్‌వాగన్, స్కోడా ఉన్నవాళ్ళు 13, 16, 18 లేకుండా బానెట్ తెరిచి లాభం లేదు. కొన్ని సెట్లలో 15, 16, 18 వదిలేసి అమ్ముతారు. కొనేముందు లేబుల్ మీద సైజులు ఒక్కొక్కటీ చదవండి, ముక్కల సంఖ్య కాదు.

ఇక నేను ఇప్పుడు వాడుతున్నవి. ఆ పెట్టె అనుభవం తర్వాత సెట్ కొనడం మానేసి, విడివిడిగా ఏడాది పొడుగునా కొన్నాను. సాకెట్లు టపారియావి, హాఫ్ ఇంచ్ డ్రైవ్ (అంటే పిడి తగిలే చదరపు రంధ్రం అర అంగుళం), ఆరు పలకలవి. నాసిక్ కంపెనీ. మన దగ్గర చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కూడా కటింగ్ ప్లేయర్ అడిగితే ముందు చేతికొచ్చేది వాళ్ళదే. నా దగ్గరున్న 10, 12, 14, 17, 19 సాకెట్లు ఒక్కొక్కటి వంద, నూటయాభై మధ్య పడ్డాయి. రెండేళ్లకు పైగా వాడుతున్నాను, కారు సస్పెన్షన్ బోల్టుల మీద మూడడుగుల పైపు తొడిగి కూడా లాగాను (చెయ్యకూడదు, తప్పక చేశాను), ఒక్కటీ పగల్లేదు, నోరు వెడల్పు కాలేదు. పైపై మెరుపు తైవాన్ సాకెట్లంత లేదు, దానితో నాకు పని లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఒకటి పోతే ఒకటే కొనుక్కోవచ్చు. 10 సాకెట్ ఇంజిన్ సందులో పడి మాయమైతే మర్నాడే కొత్తది తెచ్చుకున్నాను. ఆన్‌లైన్ పెట్టెల్లో ఒక ముక్క పోతే ఆ గుంట ఖాళీగా ఉండిపోవాల్సిందే.

జలంధర్, లూధియానాల్లో తయారయ్యే పానాలు కూడా చాలా బ్రాండ్ల పేరుతో మన షాపుల్లోకి వస్తాయి. మన దేశం నుంచి బయటికి వెళ్ళే చేతి పనిముట్లలో పెద్ద భాగం ఆ ప్రాంతానిదే. వాటిలో చాలా మంచివి ఉన్నాయి, నాసివీ ఉన్నాయి, బ్రాండు తెలియకపోతే చేత్తో పరీక్షించి తీసుకోవాలి.

రాచెట్ దగ్గర మాత్రం నేను డబ్బు ఎక్కువ పెట్టాను, పెట్టమనే చెప్తాను. నా మొదటి రాచెట్‌కు 24 పళ్ళు, అంటే ఒక పన్ను పడాలంటే పిడి 15 డిగ్రీలు కదలాలి. కారు ఇంజిన్ పక్కన ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర పిడికి అంత చోటు ఉండదు, ఎంత ఊపినా అక్కడే ఉంటుంది, చెయ్యి గీసుకుపోతుంది. తర్వాత కింగ్ టోనీ, తైవాన్ కంపెనీది, 72 పళ్ళ రాచెట్ తీసుకున్నాను, దానికి 5 డిగ్రీలు చాలు. ధర మొదటిదానికి దాదాపు మూడింతలు. అయినా ఆ డబ్బుకు నేను ఒక్కసారి కూడా బాధపడలేదు. టాప్‌టుల్ కూడా తైవాన్‌దే, బాబాయ్ దగ్గర ఉంది, చేతికి తీసుకుని చూశాను, అదీ ఆ స్థాయిదే. ఒక్కటి గుర్తుంచుకోండి, బిగుసుకుపోయిన నట్టును రాచెట్‌తో విప్పకండి. లోపలి పళ్ళు చిన్నవి, ఆ ఝటకాకు పోతాయి. దానికి బ్రేకర్ బార్ అనే పొడుగు రాడ్డు విడిగా ఉండాలి, అందులో విరగడానికి పళ్ళే ఉండవు. నట్టు ఒకసారి కదిలాక రాచెట్ తగిలించుకోండి.

సాకెట్ విధానం మొత్తం పుట్టిందే ఇలా విడివిడిగా కలుపుకోవడం కోసం. అమెరికాలో స్నాప్-ఆన్ కంపెనీ 1920లో మొదలైంది ఐదు పిడులు, పది సాకెట్లతో, ఏ సాకెట్ ఏ పిడికైనా తగిలేలా, ఐదే యాభై పానాల పని చేస్తాయి అని చెప్పి అమ్మారు. వందేళ్ల తర్వాత మనం 108 ముక్కలు ఒకేసారి ఎందుకు కొంటున్నామో నాకు అర్థం కాదు.

షాపులో ఎలా చూడాలి? సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, ఆటోనగర్‌లో గానీ కౌంటర్ దగ్గర నిలబడి పరీక్షించి తీసుకోనిస్తారు, మొహమాటపడకండి. నేను జేబులో 10, 14, 17 బోల్టులు మూడు వేసుకుని వెళ్తాను. సాకెట్‌లో బోల్టు పెట్టి వేళ్ళతో అటూ ఇటూ తిప్పితే ఎంత వదులుందో తెలిసిపోతుంది. ఇంకే పరీక్షా చెయ్యకపోయినా ఇదొక్కటి చెయ్యండి. తర్వాత నోటి అంచు చూడండి, లోపలికి ఏటవాలుగా ఎక్కువ చెక్కి ఉంటే పలచని బోల్టు తల మీద అది పట్టదు. నా పాత 14 సాకెట్‌లో బాబాయ్ లైటు వేసి చూసింది అదే. సైజు అంకె లోహంలోకి దిగేలా కొట్టి ఉండాలి, పైన ముద్ర వేసినట్టు ఉంటే ఆర్నెల్లలో చెరిగిపోయి ఏది 12, ఏది 13 అని వెతుక్కుంటూ కూర్చోవాలి. పైపూత పొరలు పొరలుగా లేస్తున్న ముక్క ముట్టుకోకండి, ఆ పెచ్చులు బ్లేడులా వేలు కోస్తాయి. క్రోమ్ వెనేడియం (ఒక గట్టి ఉక్కు రకం) అని రాసి ఉండటం ఇప్పుడు ఏమీ చెప్పదు, నా పెట్టెలో చీలిన సాకెట్ మీద కూడా అదే రాసి ఉంది. పేరున్న బ్రాండ్లకు నకిలీలు కూడా వస్తుంటాయి కాబట్టి బిల్లు తప్పకుండా తీసుకోండి, ధర మిగతా షాపుల కంటే సగం ఉంటే అక్కడ కొనకండి.

ఇంపాక్ట్ గన్ (దెబ్బ మీద దెబ్బ కొడుతూ నట్టు తిప్పే మెషిన్) వాడేవాళ్ళకు ఒక మాట. కరెంటు లేదా గాలి ఇంపాక్ట్ గన్‌కు మెరిసే క్రోమ్ సాకెట్లు తగిలించకండి. అవి చేత్తో లాగడానికి గట్టిగా చేసినవి, గన్ దెబ్బలకు ముక్కలై ఎగిరి కంటికి తగలొచ్చు. గన్‌కు నల్లగా, మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి. మా ఆటోనగర్ బాబాయ్ దగ్గర పనిచేసే ఉత్తరాది కుర్రాడు సాకెట్‌ని గోటీ అంటాడు, కాలీ గోటీ అని అడిగితే ఆ నల్లవే అందిస్తాడు.

బైకు మాత్రమే ఉన్నవాళ్ళకు హాఫ్ ఇంచ్ పెద్దదైపోతుంది, త్రీ బై ఎయిట్ డ్రైవ్ చేతికి తేలిక. చిన్న ఊళ్ళలో అది అన్నిచోట్లా దొరకదు, అందుకే నేను హాఫ్ ఇంచ్‌తో మొదలుపెట్టాను. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది పోయిన సంక్రాంతికి వస్తూ టెక్టన్ కంపెనీ త్రీ బై ఎయిట్ సెట్ తెచ్చాడు, ఆరు పలకలవి, మధ్యలో ఒక్క సైజు కూడా వదలకుండా ఉన్నాయి. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే అడిగి తెప్పించుకోవచ్చు, చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో వెయ్యమనండి, బరువు ముందే చూసుకోమనండి.

బైకు విషయంలో సాకెట్ల కంటే ఎక్కువ నష్టం చేసేది స్క్రూడ్రైవర్. స్ప్లెండర్ లాంటి జపాన్ డిజైన్ బండ్లలో ప్లస్ స్క్రూలు చాలావరకు జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి, తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ వాటి గాడి అడుగు దాకా దిగదు, తిప్పితే పైకి ఎగదన్ని గాడి తినేస్తుంది. జపాన్ వెసెల్ కంపెనీ డ్రైవర్ నంబర్ 2 ఒక్కటి కొన్నాను, అదే స్క్రూలో పెట్టి వదిలేస్తే నిటారుగా నిలబడింది. కార్బ్యురేటర్ గిన్నె స్క్రూలు అప్పటి నుంచి ఒక్కటి కూడా పాడవలేదు.

ఆ 108 పెట్టెలో ఇప్పటికీ వాడుతున్నవి చిన్న బిట్లు, ఇంట్లో మంచాలు, అల్మారాలు బిగించడానికి. ఇక కొనాల్సింది టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చెప్పే పానా. అల్యూమినియం ఇంజిన్‌లో ఆయిల్ డ్రెయిన్ బోల్టు చేతి అంచనాతో బిగించి మర పోగొట్టుకున్నవాళ్ళను ఇద్దరిని చూశాను, ఆ భయం నాకూ ఉంది. బైకు బోల్టులకు తక్కువ రేంజ్‌ది, కారు చక్రాలకు పెద్దది, రెండూ కావాలి, ఒకే రెంచ్ ఆ రెండు పనులూ సరిగ్గా చెయ్యదు. పదివేలలోపు నిజంగా నమ్మదగ్గది ఎవరైనా ఏడాదికి పైగా వాడి ఉంటే, ఏది, ఎక్కడ కొన్నారు, ఎక్కడ క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించారు, కాస్త వివరంగా చెప్పండి.