మాంగనీసు గుట్టల కింద గెడ్డ: గట్టు పెంచడం మేలా, బురదను పైనే ఆపడం మేలా?

తుపాను వచ్చిపోయాక గెడ్డ (వాగు) పక్క ఊళ్లలో ఎవర్ని అడిగినా ఒకటే మాట: పూడిక తియ్యాలి, గట్టు ఎత్తు చెయ్యాలి. 2021లో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పటి నుంచీ ఆ మాట మరీ ఎక్కువైంది. మామూలు గెడ్డకి అది న్యాయమే. గరివిడి, చీపురుపల్లి వైపు సంగతి వేరు. విజయనగరం జిల్లాలో కోడూరు దగ్గర 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. అలాంటి గనుల్లో పనికిరాదని పారబోసిన మట్టి గుట్టలకు గట్టి వాన తగిలితే, గెడ్డలోకి నీళ్లతో పాటు గుట్ట కూడా దిగుతుంది.

పూడికతీత చవక, జేసీబీ దిగితే జనానికి పని కనిపిస్తుంది. కానీ తీసిన మట్టిని గట్టు మీదే పోస్తే తర్వాతి వానకి మళ్లీ గెడ్డలోకే. రైతులు ఒండ్రు అనుకుని పొలాలకు తోలుకుంటే ఇంకా ఇబ్బంది. వరిమడిలో నీరు నిలిచి మట్టికి గాలి అందనప్పుడు మాంగనీసు కరుగుతుంది, బావుల దాకా చేరొచ్చు. తాగునీటిలో అది లీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వనరు లేకపోతేనే 0.3 వరకు ఒప్పుకుంటారు.

కాంక్రీటు కాలువ చూడ్డానికి బాగుంటుంది, కాంట్రాక్టరుకి ఇంకా బాగుంటుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు లెక్క ప్రకారం 64 రెట్లవుతుంది. అంటే మన ఊరి బురద ఆగకుండా కింది ఊరి చెరువులో పడుతుంది. వంతెన పక్కన కోత ఆపడానికి తప్ప నేనైతే దీనికి ఓటు వెయ్యను.

అమెరికాలో బ్యూట్ రాగి గనుల వ్యర్థాలను 1908 వరద 120 మైళ్ల దిగువన మిల్‌టౌన్ డ్యామ్ దాకా తోసుకుపోయింది. 1981లో అక్కడి బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. 2008లో ఆ డ్యామునే తెంచాల్సి వచ్చింది. అక్కడి సల్ఫైడు (గంధకం కలిసిన) ఖనిజం నుంచి ఆమ్లం పుడుతుంది. మనది ఎక్కువగా ఆక్సైడు (ఆక్సిజన్ కలిసినది), కాబట్టి అంత భయం లేదు. బురద ప్రయాణం మాత్రం అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

అందుకే డబ్బు ముందు గుట్ట దగ్గర పెట్టాలి. పైనుంచి వచ్చే వాననీరు గుట్టకు తగలకుండా చుట్టూ కాలువ, గుట్ట పాదంలో తీగ వలలో రాళ్లు పేర్చిన కట్ట, దాని కింద బురద తేరే గుంటలు రెండు, వాలు మీద వట్టివేరు. ఇసుక నిమిషాల్లో దిగుతుంది, బంకమట్టికి రోజులు కూడా పట్టొచ్చు కాబట్టి గుంట పొడవుగా ఉండాలి. తుపాను వానకి ఎలాగూ పొంగుతుంది, రాతి అలుగు లేకపోతే గట్టే తెగుతుంది.

గట్టు పెంచడం ఇళ్లున్న చోట వరకు చాలు. పూడికతీత కల్వర్టుల దగ్గర తప్పదు, ఆ మట్టిని పాత గని గోతిలోకే తోలాలి. గుంటలు ఏటా వానలకు ముందు ఖాళీ చెయ్యకపోతే రెండో ఏటికే నిండిపోతాయి. ఎస్టిమేట్‌లో ఆ ఖర్చు ఉందో లేదో పని మొదలుకాక ముందే అడగాలి.