కార్బన్ క్రెడిట్ కొనడమా, ఉన్న చెట్టును నిలబెట్టుకోవడమా?

శంషాబాద్ నుంచి ఢిల్లీకి టికెట్ తీసుకుంటుంటే, ఇంకొంత కడితే మీ ప్రయాణపు కాలుష్యానికి బదులుగా ఎక్కడో మొక్కలు నాటుతామని ఒక గడి కనిపించింది. "నొక్కేయ్ నాన్నా" అంది మా అమ్మాయి. నా వేలు ఆగిపోయింది.

ఆ గడి అమ్మేది కార్బన్ క్రెడిట్. ఒక క్రెడిట్ అంటే గాలిలో కలవకుండా ఆపిన, లేదా గాలి నుంచి తీసేసిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ లెక్క. చిక్కంతా నమ్మకం దగ్గరే. మన డబ్బుతో కాపాడామని చెప్పే అడవి, ఆ డబ్బు అందకపోయినా ఉండేదేనా? పదేళ్లకు తగలబడితే? విమానం పొగ ఇవాళే గాలిలో కలుస్తుంది, మొక్క దాన్ని పీల్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. గట్టి తనిఖీ ఉంటే కొన్ని పథకాలు మేలు చేస్తాయి, కాదనను.

రెండో దారి, ఉన్న చెట్టును నిలబెట్టుకోవడం, మన ఊళ్లోనే ఉంది. మే నెలలో చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద ఒకసారి బండి ఆపండి. కాలుతున్న సీటు కాసేపటికే చల్లబడుతుంది. కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తుంటే విద్యార్థులు రోడ్డెక్కారు, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఎక్కడో నాటిన మొక్క ఇక్కడ పోయే నీడను తెచ్చివ్వదు.

నేనైతే ఆఫీసుకు మెట్రో, ఢిల్లీకి సెలవు దొరికితే తెలంగాణ ఎక్స్‌ప్రెస్. తప్పక విమానం ఎక్కితే క్రెడిట్ కొంటాను, లెక్క తీరిపోయిందని మాత్రం అనుకోను.