నెల్లూరు, ఒంగోలు విశ్వవిద్యాలయాలకు ఎలాంటి విదేశీ సహకారం మేలు?

సుస్థిరాభివృద్ధి కోసం విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి పనిచేయదలిస్తే, కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికీ, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికీ మూడు దారులు ఉన్నాయి. ప్రపంచ స్థాయి కూటమిలో సభ్యత్వం తీసుకోవడం ఒకటి, పేరున్న విదేశీ సంస్థతో కలిసి డిగ్రీ ఇవ్వడం రెండవది, మన జనాన్ని పీడిస్తున్న సమస్యతోనే సతమతమవుతున్న మరో దేశపు విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధన చేయడం మూడవది. నిధులూ, అధ్యాపకులూ పరిమితంగా ఉన్న చోట మూడింటినీ ఒకేసారి తలకెత్తుకోవడం సాధ్యం కాదు కనుక, ముందు దేనికి పూనుకోవాలో తేల్చుకోక తప్పదు.

కూటముల చరిత్ర చిన్నది కాదు. 1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్ పట్టణంలో 22 మంది విశ్వవిద్యాలయాధిపతులు సమావేశమై, బోధనలోనూ ప్రాంగణ నిర్వహణలోనూ పర్యావరణానికి చోటివ్వాలంటూ పది అంశాల ప్రకటన వెలువరించారు. తరువాత 500కు పైగా సంస్థలు దానిమీద సంతకం చేశాయి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో సుస్థిరాభివృద్ధి పరిష్కారాల వేదిక కూడా మొదలైంది. ఇలాంటి వాటిలో చేరడానికి పెద్ద ఖర్చు ఉండదు, పాఠ్య సామగ్రి దొరుకుతుంది, చిన్న విశ్వవిద్యాలయానికి నలుగురి పరిచయం కలుగుతుంది. అయితే సంతకం చేసిన సంస్థ ఆ తరువాత ఏం చేసిందని గట్టిగా నిలదీసేవారు లేరు. చేరవచ్చు, కాని అసలు శక్తిని అక్కడ వెచ్చించడం నాకు సమ్మతం కాదు.

ఉమ్మడి డిగ్రీల సంగతి వేరు. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఇలాంటి ఒప్పందం చేసుకోవాలంటే మన సంస్థకు నాణ్యతను మదింపు చేసే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరో, కేంద్ర ప్రభుత్వం ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ విశ్వవిద్యాలయాల జాబితాలో తొలి 100లో స్థానమో ఉండాలి. అవతలి సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో తొలి 1000లో ఉండాలి. పైగా విదేశంలో ఒక సెమిస్టరు గడపడానికయ్యే ఖర్చును ఉదయగిరి మెట్టలోనో, కనిగిరి వైపునో వ్యవసాయం మీద బతికే కుటుంబం భరించలేదు. ఉపకార వేతనం లేనిదే ఈ దారి కొద్దిమందికే పరిమితమవుతుంది.

మూడవ దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఊళ్ళకు ఊళ్ళే వ్యాధి పాలవుతున్నాయని మన దేశంలో వైద్యులు తొలిసారి 1937లో గుర్తించింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. అప్పట్లో నెల్లూరులో భాగమైన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. అంటే ఈ సమస్య రెండు విశ్వవిద్యాలయాలకూ ఉమ్మడి వారసత్వం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి. అది దాటిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళకు గార పడుతుంది, మోతాదు మరీ ఎక్కువైతే పెద్దల కీళ్ళు బిగుసుకుని నడుము వంగిపోతుంది.

ఇదే బాధ తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియా, కెన్యా, టాంజానియాలలో కూడా ఉంది. అక్కడ అగ్నిపర్వత శిలలు, ఇక్కడ గ్రానైట్ జాతి రాళ్ళు, నీటిలో మాత్రం అదే ఫ్లోరైడ్. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరు పెట్టగా, ఆ పద్ధతిని ఆఫ్రికాలోనూ పరీక్షించి చూశారు. ఆఫ్రికా వారు ఎముకల బొగ్గుతో నీటిని వడకట్టే పద్ధతిని ఎక్కువగా ప్రయత్నించారు; మన పల్లెల్లో దానికి ఒప్పుకునేవారు తక్కువేనని నా అంచనా. మన దగ్గర ఆర్వో ప్లాంట్లూ, ఇరవై లీటర్ల క్యాన్లూ వచ్చాయి గాని, ప్లాంటు వదిలే చిక్కటి వ్యర్థజలం మళ్ళీ భూమిలోకే ఇంకితే ఏమవుతుందన్నది తేల్చవలసిన ప్రశ్న. పటిక పద్ధతిలో మిగిలే బురదను ఎక్కడ పారబోయాలన్నది మరొకటి. ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడానికి, ఆ నీటిని తాగే జనం మధ్య పనిచేస్తున్న టాంజానియా నగరం అరూషాలోని నెల్సన్ మండేలా శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థో, ఇథియోపియాలోని అడిస్ అబాబా విశ్వవిద్యాలయమో మనకు సహజమైన జోడీ అవుతాయి.

దీనికి విమానాలు ఎక్కవలసిన అవసరమూ తక్కువే. అక్కడికీ ఇక్కడికీ కాలభేదం రెండున్నర గంటలు. ఒంగోలులో పగలు పదకొండున్నరకు మొదలయ్యే తరగతిలో అరూషా విద్యార్థులు ఉదయం తొమ్మిదికి కూర్చోవచ్చు. అమెరికాతో అయితే ఎవరో ఒకరు రాత్రి మేలుకోవాలి. కాగితం మీద అల్పంగా కనిపించే ఈ సౌకర్యమే ఒక సెమిస్టరు పొడవునా ఉమ్మడి తరగతి సాగుతుందా, రెండు వారాల్లో ఆగిపోతుందా అన్నది నిర్ణయిస్తుంది.

ఈ దారిలో చిక్కులు లేవని అనను. ఇద్దరి దగ్గరా ఖరీదైన పరికరాలు తక్కువ, నిధులిచ్చే సంస్థను వెతుక్కోవాలి, ర్యాంకుల పట్టికలో దీనికి దక్కే గౌరవం స్వల్పం. అయినా ముందు దీనికే పూనుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఒప్పందం రాసేటప్పుడు మాత్రం ఒంగోలు ఎడ్లను గుర్తుపెట్టుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం నుంచి మన పశువులు బ్రెజిల్ చేరి, అక్కడ నెలోర్ పేరుతో ఆ దేశపు మాంస పరిశ్రమకే ఆధారమయ్యాయి. జన్యు సంపద వాడకంతో వచ్చే లాభాల పంపకం గురించి నగోయా అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది 2010లో. అప్పటికి ఆ పశువులు మన తీరం దాటి ఎంతో కాలమైంది. కనుక బోర్ల నుంచి తీసిన నమూనాల ఫలితాలు ఎవరివి, పరిశోధన పత్రంలో మన విద్యార్థుల పేర్లు ఉంటాయా, ఏ ఊరి నీటిలో ఎంత ఫ్లోరైడ్ తేలిందో ఆ ఊరి సచివాలయానికి తెలుగులో ఎన్ని రోజుల్లో అందుతుంది అన్న మూడు విషయాలూ మొదటి పేజీలోనే ఉండాలి.