వేరుపురుగుకు ఏది మేలు: కొత్త బీటీ విత్తనమా, ఒక ఏడాది సోయానా?

అమెరికా మొక్కజొన్న రైతులు వేరుపురుగును బిలియన్ డాలర్ల పురుగంటారు. పంట నష్టం, మందుల ఖర్చు కలిపితే ఏటా లెక్క అంతదాకా పోతుంది. పిల్లపురుగు మట్టిలో ఉండి వేళ్లు కొరుకుతుంది. గాలివానకు చేను ఒరిగాక గానీ చాలామందికి సంగతి తెలియదు.

దీని కోసమే 2003లో బీటీ విత్తనం వచ్చింది. క్రై3బీబీ1 అనే, పురుగును చంపే విషం ఆ మొక్కలోనే ఉంటుంది. ఆరేళ్లకే అయోవా రాష్ట్రంలో కొన్ని చేలలో బీటీ మొక్కల వేళ్లనే పురుగు తినేసింది. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఆరన్ గాస్‌మన్ బృందం పరీక్షిస్తే, పురుగు విషాన్ని తట్టుకుంటోందని తేలింది. ఆ చేలన్నిటిలో కనీసం మూడేళ్లు వరసగా అదే బీటీ మొక్కజొన్న వేశారు. కాండం తొలిచే పురుగుకు బీటీ మోతాదు గట్టిగా ఉంటుంది, వేరుపురుగుకు అంత ఉండదు. కొన్ని బతికి బయటపడతాయి, వాటి సంతానమే మళ్లీ అదే చేలో.

రెండు విషాలున్న విత్తనం వేస్తే? ఒకదాన్ని తట్టుకున్నదాన్ని రెండోది చంపాలి. కానీ మొదటిది అప్పటికే ఓడిన చేలో భారమంతా రెండోదాని మీదే. పైగా క్రై3బీబీ1ను తట్టుకున్న పురుగు, ఆ విషానికి దగ్గరి చుట్టమైన మరో బీటీ విషం ఎంక్రై3ఏనూ తట్టుకుంటోంది. పురుగు జన్యువునే నోరు మూయించే ఆర్ఎన్ఏ విత్తనం 2022లో మార్కెట్లోకి వచ్చింది. వరసగా అదే వేస్తే దానికీ ఆ గతే పడుతుందని నా భయం. విత్తనంతో పాటు గుళికల మందు వేస్తే సాలు దగ్గర వేళ్లు దక్కుతాయి, చేలో పురుగు మాత్రం పెద్దగా తగ్గదు.

సోయా సంగతి వేరు. తల్లిపురుగు వేసవి చివర మొక్కజొన్న చేలోనే గుడ్లు పెడుతుంది. వచ్చే వసంతంలో గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చేసరికి అక్కడ సోయా ఉంటే తిండి లేక చస్తాయి, దూరం పాకలేవు. పత్తిని డిసెంబరుకల్లా పీకేసి గులాబీ పురుగుకు మేత లేకుండా చెయ్యమని మనవాళ్లకు చెప్పేదీ ఈ లెక్కే.

పురుగూ తక్కువది కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1990ల నుంచి సోయా చేలోనూ గుడ్లు పెట్టడం మొదలెట్టింది. దాని చుట్టం, ఉత్తరాది వేరుపురుగు గుడ్లయితే కొన్నిచోట్ల రెండు చలికాలాలు నేలలోనే ఓపిక పడతాయి. అలాంటి చోట్ల, మేత కోసం ఏటా మొక్కజొన్న తప్పని పాడిరైతుకు జంట విషాల విత్తనమే దిక్కు. మిగతా చోట్ల నా ఓటు సోయాకే.